పేలియో డైట్‌తో బరువు తగ్గడం, తగ్గిన బరువును నిలబెట్టుకోవడం: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పేలియో డైట్ వీడియోల్లో చూపించే ప్లేటులో అవకాడో, సాల్మన్ చేప, బ్రోకలీ ఉంటాయి. మన సంతలో ఆనపకాయ, కవ్వళ్ళు, మునగాకు, పనసపొట్టు ఉంటాయి. నెలరోజుల ముచ్చటగా కాకుండా ఏళ్ళ తరబడి ఈ తిండి మీద ఉండాలనుకునే మన రెండు జిల్లాల వాళ్ళ కోసం ఈ జవాబులు. ఉద్దానం వైపు వాళ్ళు మాత్రం ముందుగా కిడ్నీల ప్రశ్న చదవండి, మిగతావి తర్వాత.

పేలియో డైట్ అంటే అసలు ఏమిటి?

వ్యవసాయం మొదలవక ముందు, అంటే సుమారు 10 వేల ఏళ్ళ కిందటి వరకు, మనుషులు వేటాడి, ఏరుకుని తిన్నారు. ఆ తిండికి వీలైనంత దగ్గరగా తినాలన్నది దీని వెనక ఆలోచన. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో దీని మీద చర్చ పెరిగింది. 2000 తర్వాత జనంలోకి వచ్చింది.

తినేవి: మాంసం, చేపలు, రొయ్యలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, కొబ్బరి, నువ్వులు, జీడిపప్పు, బాదం లాంటివి. మానేసేవి: బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలతో సహా ధాన్యాలన్నీ, కంది, పెసర, మినుము, సెనగ, ఉలవ, పాలు, పెరుగు, పంచదార, బెల్లం, రిఫైన్డ్ నూనెలు, ప్యాకెట్లలో వచ్చేవి. వేరుసెనగ కూడా పప్పుజాతే కాబట్టి అదీ లేదు. చాలామంది ఇక్కడే పొరపడి, ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు పొట్లాలకు పొట్లాలు లాగిస్తుంటారు.

ఆదిమానవుడు గింజలు ముట్టనేలేదు అనే మాట మాత్రం నమ్మకండి. జోర్డాన్‌లో 14 వేల ఏళ్ళ నాటి పొయ్యిల్లో మాడిన రొట్టె ముక్కలు దొరికాయి, అప్పటికింకా అక్కడ వ్యవసాయమే లేదు. "మన జన్యువులకు ధాన్యం పడదు" అనే వాదనతో నాకు పేచీ ఉంది. అదృష్టం ఏమిటంటే, బరువు తగ్గడానికి ఆ వాదనతో పని లేదు. రోజుకు మూడుపూటలా తినే పిండిపదార్థం, తీపి, నూనె సరుకు ఒక్కసారిగా తగ్గిపోవడమే ఇక్కడ పని చేసేది.

కీటో, వీరమాచనేని గారి డైట్, సిరిధాన్యాలు, ఇవన్నీ ఒకటేనా?

కాదు. కీటోలో పిండిపదార్థాన్ని బాగా తగ్గించి, కొవ్వు మీద బతకాలి. అందులో వెన్న, పనీర్ తినొచ్చు, చిలగడదుంప తినకూడదు. పేలియోలో సరిగ్గా తిరగేసి: పనీర్ లేదు, చిలగడదుంప ఉంది. వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి కొబ్బరినూనె లాంటి కొవ్వులు, నిమ్మకాయలతో నడుస్తుంది, అది కీటోకి దగ్గర. ఖాదర్ వలీ గారు చెప్పే కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు ధాన్యాలే, పేలియోలో వాటికి చోటు లేదు. మంతెన గారి ప్రకృతి ఆహారం మరో దారి. వీటిలో రెండు మూడు కలిపి, పొద్దున్న కొబ్బరినూనె, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి చికెన్ అని నడిపేవాళ్ళు ఉన్నారు. ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో వాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

అన్నం లేకుండా కడుపు ఎలా నిండుతుంది?

ఈ డైట్ ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే, అదీ రెండో వారంలోనే. ఆకలి తట్టుకోలేక అని అందరూ అనుకుంటారు. నా లెక్కలో తప్పు కూరది. మన కూరలు, పులుసులు అన్నంలో కలుపుకోవడానికి వండేవి. ఆ ఉప్పు, ఆ కారం, ఆ చింతపండు పిడికెడు కూరకి నాలుగు పిడికిళ్ళ అన్నాన్ని లెక్క వేసుకుని వేసేవి. అదే కూర వట్టిగా గిన్నెడు తింటే నోరు మండుతుంది, దాహం వేస్తుంది, సాయంత్రానికి "ఇది నావల్ల కాదు" అనిపిస్తుంది.

కాబట్టి ముందు వంట మార్చాలి. కవ్వళ్ళ పులుసే తీసుకోండి. ఎప్పుడూ వేసే చింతపండులో సగం వేసి, టమాటా ఎక్కువ పెట్టండి. కారం సగం, ఉప్పు సగం. చివర్లో వేసే బెల్లం ముక్క మానేసి, ఉల్లిపాయను బాగా మగ్గనివ్వండి, ఆ తీపి సరిపోతుంది. పులుసు పల్చగా కాకుండా ముక్కకి పట్టేలా దగ్గరగా దించండి. చెంచాతో తినగలిగేలా ఉంటే అది పేలియో పులుసు.

రెండోది, కూరల కొలత. నలుగురున్న ఇంట్లో పూటకి అరకేజీ ఆనపకాయ సరిపోయేది. అన్నం తీసేశాక కేజీ పైనే కావాలి. మొదట్లో ఇది ఎవరూ నమ్మరు, అరకేజీయే వండుకుని ఆకలితో లేస్తారు. ఆనపకాయ నువ్వుపొడి కూర, దొండకాయ వేపుడు, ఆవ పెట్టిన పనసపొట్టు, కంద బచ్చలి, ఇవన్నీ మనకి కొత్తగా నేర్చుకోవలసినవి కావు. పనసపొట్టు కూర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నానబెట్టిన సెనగపప్పు వేయకుండా, ఆవపిండి కాస్త గట్టిగా పెట్టి చేస్తే గిన్నెడు తిన్నా బరువనిపించదు, సాయంత్రం వరకు ఆకలి వేయదు.

ఒక మామూలు మధ్యాహ్నం ప్లేటు ఇలా ఉండొచ్చు: అరచేయంత చేప లేదా చికెన్, రెండు గరిటెల కూర ఒకటి, ఆకుకూర ఇంకొకటి, పిడికెడు ఉడికించిన కంద లేదా చిలగడదుంప. పొలం పని, బరువులు మోసే పని ఉన్నవాళ్ళు దుంప రెట్టింపు చేసుకోవాలి. వాళ్ళని దుంప కూడా మానమనడం అన్యాయం.

పొద్దున్న రెండు మూడు గుడ్లతో తోటకూర ఆమ్లెట్ వేసుకుంటే ఇడ్లీ గుర్తు రాదు. టిఫిన్ సెంటర్ ముందు నుంచి ఆఫీసుకి వెళ్తే మాత్రం గుర్తొస్తుంది. దారి మార్చుకోండి, నవ్వులాటకి చెప్పడం లేదు.

చోడి అంబలి కూడా వద్దా?

నిక్కచ్చి నియమం ప్రకారం వద్దు. చోళ్ళు, గంటెలు, సామలు అన్నీ ధాన్యాలే.

నా సలహా వేరే ఉంది. మొదటి రెండు మూడు నెలలు ఆపండి. బరువు కాస్త అదుపులోకి వచ్చాక తిరిగి తెచ్చుకునే మొదటి వస్తువు అంబలే కావాలి, తెల్ల అన్నం కాదు. 100 గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గ్లాసు అంబలికి పట్టే పిండి నాలుగైదు చెంచాలే. మజ్జిగ, ఉల్లిపాయ ముక్క వేసుకుని తాగితే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పేలియో పుస్తకాలు దీన్ని ఒప్పుకోవు. ఏళ్ళ తరబడి నడవాలంటే ఆ పుస్తకాల కంటే ఎండలో పొలానికి వెళ్ళే మనిషి మాటకి ఎక్కువ విలువ ఇవ్వాలి.

మొదటి వారంలో 3 కేజీలు తగ్గాను, తర్వాత ముల్లు కదలడం లేదు. ఎందుకు?

మొదటి వారంలో పోయింది ఎక్కువగా నీళ్ళు. ఒంట్లో నిలవ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకి సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే ఆ నిలవ కరుగుతుంది, నీరు పోతుంది. ఎవరైనా "వారంలో 5 కేజీలు" అని చెబితే అందులో కొవ్వు కొంచెమే. ఒక పెళ్ళి భోజనం తిన్న మర్నాడు కేజీన్నర పెరిగినా అదీ నీళ్ళే, టెన్షన్ పడక్కర్లేదు.

వారానికి ఒకసారి, ఒకే రోజున, పొద్దున్న పరగడుపున తూగండి. నడుము కొలత కూడా రాసుకోండి. మన వాళ్ళకి మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ప్రమాదకరంగా ఉన్నట్టు. ముల్లు కదలకపోయినా టేపు కదులుతుంటే పని జరుగుతున్నట్టే. రెండూ నెలరోజుల పాటు కదలకపోతే జీడిపప్పు డబ్బా, నూనె డబ్బా చూడండి.

జీడిపప్పు, కొబ్బరి మన దగ్గరే పండుతాయి కదా, ఎంతైనా తినొచ్చా?

పలాస జీడిపప్పు ఇంట్లో ఉంటే చేతికి అడ్డు ఉండదు, నిజమే. 100 గ్రాముల జీడిపప్పులో సుమారు 550 కేలరీలు, అంటే నాలుగు వందల గ్రాముల అన్నంతో సమానం. పైగా మిగతా గింజల కంటే పిండిపదార్థం ఎక్కువ. రోజుకి గుప్పెడు, అదీ లెక్కబెట్టి చిన్న గిన్నెలో వేసుకుని. డబ్బా ముందు పెట్టుకుని టీవీ చూడకూడదు.

పచ్చికొబ్బరి 100 గ్రాములు 350 కేలరీలు. కూరలో కోరు వేయడం వరకు బాగుంటుంది. నూనె ఏదైనా ఒక పెద్ద చెంచాకి 120 కేలరీలు. గానుగ నువ్వుల నూనె ఆరోగ్యానికి మంచిదని రెండు గరిటెలు పోస్తే బరువు తగ్గదు.

ఉద్దానంలో ఉంటాం. ఈ డైట్ చేయొచ్చా?

పరీక్ష చేయించుకోకుండా మొదలుపెట్టకండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగర్, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీ జబ్బు వస్తోందని, దానికి ఇదీ కారణమని ఇంకా తేలలేదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ జబ్బుతో చిక్కు ఏమిటంటే, చాలాదూరం వెళ్ళేదాకా ఒంట్లో ఏ బాధా తెలియదు. బాగానే ఉన్నాను కదా అని మాంసం పెంచేస్తే, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీల మీద భారం పడుతుంది.

చేయించుకోవలసినవి రెండే: రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఇజీఎఫ్ఆర్ దాంతోనే లెక్కగడతారు), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ రీసెర్చ్ సెంటర్, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. క్రియాటినిన్ పరీక్షకైతే అంతదూరం వెళ్ళక్కర్లేదు, చాలా ల్యాబుల్లో చేస్తారు.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకి డయాలసిస్ మొదలవక ముందు రోజుకి కిలో బరువుకి 0.8 గ్రాముల ప్రోటీన్ చాలన్నది వైద్యుల సాధారణ సలహా. 70 కిలోల మనిషికి 56 గ్రాములు. పేలియో పేరుతో ఆ మనిషి రోజుకి నాలుగు గుడ్లు, 300 గ్రాముల చికెన్, ఒక పెద్ద చేప ముక్క తింటే 110 గ్రాములు దాటిపోతుంది, దాదాపు రెట్టింపు. ఇంకో సంగతి, కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు, ఆకుకూరలు, దుంపల్లో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడికి మంచివైన ఇవే కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి గుండె లయ తప్పేంత ప్రమాదం తెస్తాయి. కొబ్బరితోటల మధ్య ఉండేవాళ్ళకి ఇది చెప్పడం కష్టంగానే ఉంటుంది. పరీక్షలో తేడా కనిపిస్తే ఈ డైట్ వదిలేయండి, కిడ్నీ డాక్టరు రాసిచ్చిన తిండే మీ డైట్.

పరీక్ష బాగుంటే చేయొచ్చు. అప్పుడైనా మాంసం అరచేయంత దాటనివ్వకుండా, కూరగాయలతోనే కడుపు నింపుకోండి. ఏడాదికోసారి పరీక్ష మళ్ళీ చేయించుకోండి.

షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఇబ్బందా?

అన్నం మానేసి మాత్ర అలాగే వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. ముఖ్యంగా ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళకి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళు పిండిపదార్థం బాగా తగ్గిస్తే కీటోఅసిడోసిస్, అంటే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది, షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా అది రావచ్చు. బరువు తగ్గే కొద్దీ బీపీ మాత్ర కూడా ఎక్కువైపోయి కళ్ళు తిరుగుతాయి. డాక్టరుకి "అన్నం మానేస్తున్నాను" అని ముందే చెప్పి, మోతాదు మార్పించుకుని మొదలుపెట్టాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

మేం శాకాహారులం. మాకు కుదురుతుందా? కార్తీకమాసంలో నీచు ముట్టనివాళ్ళ సంగతి?

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే పూర్తి శాకాహారులకి పేలియో కుదరదు. పప్పు లేదు, పాలు లేవు, గుడ్డు తినరు. 60 కిలోల మనిషికి రోజుకి 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుప్పెడు జీడిపప్పులో వచ్చేది 5 గ్రాములు. మిగతాది కూరగాయలతో రాదు. పాలు, మాంసం రెండూ లేకపోతే బి12 కూడా కరువవుతుంది. మీరు పెరుగు, పప్పు ఉంచుకుని, అన్నం, తీపి, వేపుళ్ళు తగ్గించండి. దాన్ని పేలియో అనకపోతే కొంపేం మునగదు.

కార్తీకమాసం, అయ్యప్ప మాల వేసిన రోజులు కూడా ఇంతే. ఆ నెలా నలభై రోజులూ పప్పు, పెరుగు వేసుకోండి. "నియమం తప్పింది" అని ఆ నెల మొత్తం పులిహోర, పరమాన్నం మీద పడిపోవడం వల్లే చాలామంది మళ్ళీ మొదటికొస్తారు.

పాలు, పెరుగు మానేస్తే ఎముకలు ఏమవుతాయి?

పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పాలు లేకుండా అంత రాబట్టడం కష్టమే, అసాధ్యం కాదు. పొట్టు తీయని నువ్వులు, మునగాకు, తోటకూర, ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు దీనికి దారి. మన వైపు నువ్వుల తెలకపిండిలో మునగాకు వేసి వండే కూర ఉంది, పాలు మానేసేవాళ్ళకి అంతకంటే మంచి కూర నాకు తెలియదు. తినడానికని శుభ్రంగా ఆడించి అమ్మే గానుగ దగ్గరే తెలకపిండి కొనాలి, పశువుల దాణా కోసం పెట్టింది వద్దు. మెనోపాజ్ దాటినవాళ్ళు పెరుగు మానకుండా ఉంటేనే నయం. నెయ్యి చాలామంది పేలియో వాళ్ళు కూడా వాడతారు.

ఖర్చు ఎక్కువ కదా?

అవును. రేషన్ బియ్యం ఉచితంగా వచ్చే ఇంట్లో దాన్ని పక్కన పెట్టి చేపలు కొనడం చిన్న విషయం కాదు. వంజరం, చందువా జోలికి వెళ్ళకుండా కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు కొనండి. కొవ్వున్న ఈ చిన్న చేపల్లోనే ఒమేగా 3 అనే మంచి కొవ్వు బాగా ఉంటుంది, పైగా తక్కువకి వస్తాయి. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రపు ఊళ్ళకి దగ్గరలో ఉంటే పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవచ్చు. యూరిక్ యాసిడ్, గౌట్ ఉన్నవాళ్ళు మాత్రం కవ్వళ్ళు, నెత్తళ్ళు, మేక కాలేయం తగ్గించాలి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు గుర్తుంచుకోండి.

ఇంట్లో ఒక్కరే డైట్ చేస్తుంటే కూర అందరికీ ఒకటే వండి, అన్నం వాళ్ళకి మాత్రం పెడితే ఖర్చు, చాకిరీ రెండూ తగ్గుతాయి.

పండగలు, పెళ్ళిళ్ళు, ఇంటికొచ్చిన చుట్టాలు: వీటితో ఎలా వేగాలి?

బంతిలో కూర్చుని అన్నం వద్దంటే, "ఏటమ్మా, అన్నం ముట్టట్లేదు, ఒంట్లో బాగోలేదా?" అని వడ్డించే పెద్దమ్మ అడుగుతుంది. డైట్ గురించి అక్కడ ఉపన్యాసం మొదలుపెడితే బంతి మొత్తం మీ వైపే చూస్తుంది. "ఆ కూర ఇంకొంచెం వెయ్యి పెద్దమ్మా" అనండి. రెండోసారి కూర అడిగిన మనిషిని ఎవరూ బలవంతపెట్టరు. పెట్టినదానికి మర్యాద దక్కిందని ఆవిడకీ తృప్తి.

కనుమ నాడు నాటుకోడి కూర మీదే. గారెలే చిక్కు. అరిసెలు, పొంగడాలు ఒక్కొక్కటి తినండి, ఆ రోజుతో సరి. పండగ నాడు తిన్నవాటి వల్ల కాదు, పండగ తర్వాత పది రోజుల పాటు డబ్బాలో మిగిలినవాటి వల్ల బరువు పెరుగుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలు వస్తే, వాళ్ళు వెళ్ళేటప్పుడు మిగిలిన పిండివంటలు సంచిలో కట్టి ఇచ్చేయండి. ఇవ్వడం మన అలవాటే, పైగా డబ్బా ఖాళీ.

ఇంట్లో పిల్లల్ని ఈ డైట్‌లోకి లాగకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వద్దు.

రెండేళ్ళ తర్వాత కూడా ఈ బరువు నిలుస్తుందా?

స్వీడన్‌లో ఉమియో విశ్వవిద్యాలయం వాళ్ళు మెనోపాజ్ దాటిన, బరువు ఎక్కువున్న 70 మంది ఆడవాళ్ళతో రెండేళ్ళ పాటు చూశారు. సగం మందికి పేలియో, సగం మందికి అక్కడి ప్రభుత్వం చెప్పే మామూలు ఆరోగ్యకరమైన తిండి. ఫలితాలు 2014లో వచ్చాయి. ఆరు నెలలకి పేలియో వాళ్ళ కొవ్వు బాగా తగ్గింది. రెండేళ్ళకి రెండు గుంపుల మధ్య బరువులో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు మాత్రం పేలియో వాళ్ళకే తక్కువ. పేలియో గుంపు వాళ్ళు తినమన్నంత ప్రోటీన్ తినలేకపోయారని కూడా అందులోనే ఉంది.

2005లో అమెరికాలో 160 మందిని నాలుగు రకాల డైట్లలో పెట్టి ఏడాది చూస్తే, ఏ డైట్ అన్నదానికంటే ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నారన్నదే బరువును తేల్చింది. అందుకే నేను నిక్కచ్చి పేలియో కంటే మీ ఇంటికి సర్దుకున్న పేలియోనే సమర్థిస్తాను. వారంలో ఆరు రోజులు నియమం, ఒక రోజు ఇంట్లో అందరితో కలిసి పప్పన్నం. లేదా రోజుకి ఒకే పూట, ఒకే కప్పు అన్నం. మీకు ఏది టెన్షన్ లేకుండా సాగుతుందో అది. బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు 1994 నుంచి అమెరికాలో ఒక రిజిస్ట్రీలో రాస్తున్నారు. అందులో ఎక్కువమంది రోజూ గంట సేపు నడక లాంటి వ్యాయామం చేస్తారు, వారానికోసారైనా తూగుతారు. తూకం ఆపేసిన నెలే బరువు తిరిగి ఎక్కడం మొదలవుతుంది, నేను చూసినంతవరకు.

ఉప్పు మానాలా? సైంధవ లవణం వాడొచ్చా?

తగ్గించండి, మానకండి, అయోడైజ్డ్ ఉప్పే వాడండి. ఆ స్వీడన్ వాళ్ళలోనే పేలియో గుంపుకి అయోడిన్ తగ్గిపోయింది. సైంధవ లవణంలో సాధారణంగా అయోడిన్ కలపరు.

టీ?

పాలు, పంచదార లేకుండా. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. అసలు మానలేకపోతే పంచదార తీసేసి రోజుకి ఒక పాల టీ ఉంచుకోండి.

కల్లు ప్రకృతిసిద్ధమే కదా, పేలియోలో తాగొచ్చా?

ఈ ప్రశ్న ప్రతి వేసవిలో వస్తుంది. పులిసిన కల్లులో ఆల్కహాలు, పులవనిదానిలో పంచదార, బరువు తగ్గాలంటే రెండూ పనికిరావు. అదే చెట్టు నుంచి వచ్చే ముంజెలు తినండి, వాటిలో ఎక్కువగా ఉండేది నీరే. లేతవి చూసి, పైపొర తీయకుండా తింటే మంచిది. బస్టాండ్ల దగ్గర పంచదార పాకంలో వేసి గ్లాసుల్లో అమ్మేవి మాత్రం వదిలేయండి.